అద్దె ఇల్లు ఖాళీ చేయునప్పటి శుభ్రత బాధ్యత

అద్దె ఇంటిలో నివసించినవారు ఆ ఇంటిని ఖాళీ చేసి తాళాలు అప్పగించే సమయంలో దానిని ఏ స్థితిలో ఉంచాలి, ఊడ్చి కడిగించడం, సున్నం వేయించడం, చిల్లర మరమ్మతులు చేయించడం వంటి ఖర్చులను ఎవరు భరించాలి అనే విషయాన్ని అద్దె ఇల్లు ఖాళీ చేయునప్పటి శుభ్రత బాధ్యత అనవచ్చును. భారతదేశంలో ఈ బాధ్యతకు మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను. ఆ సెక్షనులో శుభ్రత అనే మాట ఎక్కడా లేదు. ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఎంత బాగున్నదో అంత బాగా తిరిగి అప్పగించాలనీ, మామూలు వాడకం వలన కలిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడనీ మాత్రమే ఉన్నది. అందువలన ఈ విషయంపై వచ్చే తగాదాలన్నీ చివరకు రెండు ప్రశ్నల వద్దకు చేరుతాయి. ఇల్లు తీసుకున్న రోజున ఎట్లా ఉన్నది? ఇప్పుడు గోడమీద, గచ్చుమీద కనిపిస్తున్నది మురికా లేక అరుగుదలా? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే కాగితం చాలా ఇళ్ళ విషయంలో ఇరుపక్షాల వద్దా ఉండదు. అద్దెదారు ముందుగా చెల్లించిన అడ్వాన్సు సొమ్ము మాత్రం యజమాని వద్ద ఉంటుంది.

ప్రాంతం

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందినవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇవి విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. రెండూ విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారి దారిలోని పట్టణాలే. పూర్వం 9వ నంబరుగా ఉన్న ఈ రహదారికి ఇప్పుడు 65వ నంబరు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరుమీద ఈ పట్టణానికి జగ్గయ్యపేట అని పేరు పెట్టాడు. నందిగామ చాలాకాలం గ్రామ పంచాయతీగా ఉండి, తరువాత నగర పంచాయతీగా మారినది.

ఇక్కడ అద్దె ఇళ్ళలో ఉండేవారిలో బదిలీలపై వచ్చే ఉపాధ్యాయులు, బ్యాంకు మరియు రెవెన్యూ ఉద్యోగులు, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలలో పనిచేసేవారు, పిల్లల చదువుల కోసం పల్లెల నుండి వచ్చిన రైతు కుటుంబాలు ఉంటారు. పెద్ద నగరాలలోని బహుళ అంతస్తుల ఫ్లాట్లకు భిన్నంగా, ఇటువంటి పట్టణాలలో యజమాని ఒక భాగంలో ఉంటూ పక్క పోర్షను గానీ మేడమీద గదులు గానీ అద్దెకు ఇవ్వడం ఎక్కువ. ఒకే ప్రహరీలో ఏళ్ళ తరబడి కలిసి ఉన్న రెండు కుటుంబాల మధ్య చివరి రోజున వచ్చే లెక్క కనుక దీనిలో చట్టంతో పాటు మొహమాటం, పరువు కూడా కలిసి ఉంటాయి. ఒప్పందాలు చాలావరకు నోటిమాట మీదనే జరుగుతాయి.

చట్టం ఏమి చెబుతున్నది

108వ సెక్షనులో ఈ విషయానికి సంబంధించిన క్లాజులు కొన్ని ఉన్నవి. (ఎం) క్లాజు ప్రకారం అద్దెదారు ఇంటిని మంచి స్థితిలో ఉంచుకోవాలి, గడువు తీరినపుడు అదే స్థితిలో తిరిగి అప్పగించాలి. దీనికి రెండే మినహాయింపులు. ఒకటి సహేతుకమైన అరుగుదల, రెండవది మనిషి అడ్డుకోలేని శక్తి వలన కలిగిన మార్పు. యజమాని గానీ అతని మనిషి గానీ తగిన వేళలలో ఇంటిలోకి వచ్చి పరిశీలించవచ్చును. అద్దెదారు చేసిన పని వలన గానీ, చేయవలసినది చేయకపోవడం వలన గానీ లోపం ఏర్పడితే, ఆ సంగతి తెలియజేసిన మూడు నెలలలోగా అతడు దానిని సరిచేయించాలి. (ఓ) క్లాజు ప్రకారం సాధారణ వివేకం కలిగిన మనిషి తన సొంత ఇంటిని ఎట్లా వాడుకుంటాడో అద్దె ఇంటినీ అట్లాగే వాడుకోవాలి. (హెచ్) క్లాజు ప్రకారం తాను బిగించుకొన్న వస్తువులను ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకు అద్దెదారు తీసుకొనిపోవచ్చును, కానీ ఇంటిని తాను తీసుకొన్న స్థితిలోనే వదలాలి. కూలరు కోసం కిటికీకి బిగించిన ఇనుప స్టాండు, వంటగదిలో కొట్టించిన చెక్క అల్మరా వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఊడదీసినపుడు ఏర్పడే బెజ్జాలను పూడ్పించే ఖర్చు ఊడదీసినవారిదే.

ఈ సెక్షను మొదటి వాక్యం చాలామంది దృష్టికి రాదు. ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడు మాత్రమే ఈ నియమాలు వర్తిస్తాయని అందులో ఉన్నది. అనగా రాతపూర్వకమైన ఒప్పందంలో "ఖాళీ చేయునపుడు రంగులు వేయించి ఇవ్వవలెను" అని ఉంటే ఆ షరతు పనిచేస్తుంది. ఒప్పందం లేనిచోట, ఆ ఊరిలో అందరూ ఎరిగిన, స్థిరమైన ఆచారం ఏదైనా ఉన్నదని యజమాని చూపగలిగితే దానికీ విలువ ఉంటుంది. "మా వీధిలో అందరూ ఇట్లాగే ఇస్తారు" అనే మాట పూర్తిగా తేలికైనది కాకపోయినా, అన్నంత మాత్రాన అది ఆచారమైపోదు. దానిని రుజువు చేయవలసిన భారం ఆ మాట అన్నవారిమీదనే ఉంటుంది.

అద్దె ఒప్పందాన్ని పదకొండు నెలలకు రాయించుకొనే అలవాటుకు కారణం కూడా ఈ చట్టంలోనే ఉన్నది. 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. నెలసరి అద్దెను ముగించడానికి, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలును. ఈ పదిహేను రోజులే శుభ్రతకు, తనిఖీకి దొరికే సమయం.

మురికి, అరుగుదల

మురికి అనగా వాడినవారు చేరనిచ్చినది, శ్రమపడితే పోయేది. అరుగుదల అనగా ఎంత జాగ్రత్తగా ఉన్నా కాలం వలన వచ్చేది. బూజు, వంటగది గోడమీది నూనె జిడ్డు, అటకమీది చెత్త, సింకు తూములో ఇరుక్కొన్న మెతుకులు, పీచు మొదటి రకానికి చెందినవి. వెలిసిన రంగు, నడిచినచోట నునుపెక్కిన గచ్చు, ఎండకు వంగిన తలుపు చెక్క రెండవ రకానికి చెందినవి. చెప్పడానికి ఇది తేలికగా ఉన్నా, ఇంటిలో నిలబడి చూసినపుడు గీత అంత స్పష్టంగా కనిపించదు.

సున్నం గోడ దీనికి మంచి ఉదాహరణ. సున్నపురాతిని బట్టీలో కాల్చగా వచ్చిన సున్నాన్ని నీటితో చల్లార్చి గోడకు పూస్తారు. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల సున్నపురాయిగా గట్టిపడుతుంది. జగ్గయ్యపేట పరిసరాలు సున్నపురాతి నిల్వలకు పేరుపొందినవి, ఇక్కడి సిమెంటు పరిశ్రమకు ఆధారం అదే. కృష్ణానదికి ఆవలి ఒడ్డున పల్నాడులోని పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. సున్నం చవకగా దొరికే ఇటువంటి చోట ఏటా సంక్రాంతికి ముందు గోడలకు వెల్లవేయించడం అలవాటుగా ఉండేది. ఏడాదికొకసారి వేయవలసిన పూతను, నాలుగేళ్ళు ఉన్న అద్దెదారు వెళ్ళేటపుడు వెలిసిపోయినదని ఎత్తిచూపడం సరికాదు. అది అరుగుదల. అదే గోడమీద పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసిన బొమ్మలు, పొయ్యి వెనుక పసుపు నూనె చిందిన మరకలు, తలనూనె అంటిన మంచం పక్క గోడ మాత్రం వాదనకు లోబడి ఉంటాయి. సున్నం గోడమీది ఇటువంటి మరకలు తరువాతి వెల్లలో కలిసిపోతాయి కనుక పూర్వం వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకొనేవారు కాదు. ఏళ్ళ తరబడి నిలిచే ఖరీదైన రంగులు వచ్చిన తరువాతనే తగాదాలు పెరిగినవని చెప్పవచ్చును.

రంగుల విషయంలో న్యాయంగా లెక్కవేయడానికి ఒక పద్ధతి ఉన్నది. ఒక పూత అయిదేళ్ళు ఉంటుందని అనుకుందాం. రంగు వేసిన రెండేళ్ళకు అద్దెదారు గోడను పాడుచేస్తే అతడు నష్టపరచినది మిగిలిన మూడేళ్ళ విలువను మాత్రమే. 10,000 రూపాయల పనికి అతనినుండి రావలసినది 6,000. అయిదేళ్ళు దాటిన తరువాత అయితే ఆ పూతకు విలువే మిగలదు. పూర్తి ఖర్చును అద్దెదారుమీద వేస్తే యజమానికి పాత రంగుకు బదులు కొత్త రంగు ఉచితంగా వచ్చినట్లు అవుతుంది.

బోరునీటి చారలు మరొక చిక్కు. సున్నపురాతి నేలలో నిలిచిన నీటిలో కాల్షియం లవణాలు కరిగి ఉంటాయి. ఆ నీరు ఆరినచోట తెల్లటి పొర మిగులుతుంది. కుళాయిల మూతులు, బాత్రూము పలకలు, బక్కెట్లు కొద్ది నెలలలోనే తెల్లబారడానికి కారణం ఇదే. గోడమీది సున్నమూ, కుళాయిమీది చారా రసాయనికంగా ఒకే పదార్థం కావడం విశేషం. గోడమీద ఉంటే అందం, కుళాయిమీద ఉంటే మురికి! వారానికొకసారి రుద్దితే ఈ పొర పోతుంది, ఏళ్ళ తరబడి వదిలివేస్తే గట్టిపడి రాయి అవుతుంది. నీటి గుణం అద్దెదారు చేతిలో లేదు, రుద్దడం అతని చేతిలో ఉన్నది. కాబట్టి పలుచని చారలను అరుగుదలగాను, అట్టకట్టిన పొరను అశ్రద్ధగాను చూడడం సబబుగా ఉంటుంది.

ఈ చారలను పోగొట్టడానికి చివరిరోజున బాత్రూము యాసిడ్ కుమ్మరించడం చాలా ఇళ్ళలో జరిగే పని. యాసిడ్ తెల్లపొరనే కాక పలకల సందులలోని సిమెంటును కూడా తింటుంది. నాపరాళ్ళ గచ్చుకు మరింత హాని, ఎందుకంటే నాపరాయి కూడా సున్నపురాయే. యాసిడ్ పడినచోట నునుపు పోయి గరుకు తేలుతుంది, ఆ మచ్చ ఇక పోదు. మురికిని పోగొట్టబోయి నష్టాన్ని తెచ్చుకోవడమన్నమాట. చింతపండు పులుసు, నిమ్మరసం పట్టించి కొంతసేపటికి రుద్దే పాత పద్ధతి కుళాయిలకు మంచిది, నాపరాయికి మాత్రం పులుపు ఏదైనా మంచిది కాదు. యాసిడ్‌ను బ్లీచింగు పౌడరుతో ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. ఆ కలయిక నుండి క్లోరిన్ వాయువు వెలువడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ప్రాణాపాయం.

మేకులు కూడా తరచుగా చర్చకు వస్తాయి. దేవుడి పటాలకు, కాలెండరుకు కొట్టిన రెండు మూడు మేకులు సాధారణ నివాసంలో భాగమే. టీవీ కోసం గోడకు తొలిచిన పెద్ద బెజ్జాలు, పలకలమీద అతికించి పీకిన కొక్కేలు వలన పగిలిన పలక అట్లా కావు. గడపకు రాసిన పసుపు, గుమ్మం ముందు వేసిన రంగు ముగ్గు, అద్దంమీద మిగిలిన బొట్టుబిళ్ళలు ఎవరూ డబ్బు అడగని విషయాలు.

తూములు, సెప్టిక్ ట్యాంకు

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నిర్వహణ పనులను రెండుగా విభజించిన పట్టిక ఒకటి ఉన్నది. నిర్మాణ మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులు కిటికీలకు రంగు, నీటి గొట్టాల మార్పు, విద్యుత్ తీగల పని యజమాని వంతు. తూములు శుభ్రపరచడం, కుళాయిలు మరియు వాటి వాషర్లు మార్చడం, మరుగుదొడ్డి, వాష్‌బేసిను, గీజరు, స్విచ్చిల మరమ్మతు, పగిలిన కిటికీ అద్దాలు, తాళాలు, దోమతెరల మార్పు, అద్దెదారు వాడుకొన్న పెరటి సంరక్షణ అద్దెదారు వంతు. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే అదే చెల్లుతుంది. ఇది కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా మాత్రమే, దానంతటది ఎక్కడా అమలుకాదు. అయినప్పటికీ తగాదా తీర్చేవారికి ఒక కొలబద్దగా ఈ పట్టిక ఉపయోగపడుతుంది. వెల్ల ఖర్చును యజమాని ఖాతాలో, తూము ఖర్చును అద్దెదారు ఖాతాలో వేయడం పై విభాగంలో చెప్పిన మురికి, అరుగుదల భేదానికి సరిగ్గా సరిపోతుంది.

పట్టికలో సెప్టిక్ ట్యాంకు ప్రస్తావన లేదు. భూగర్భ మురుగు కాలువలు లేని వీధులలో ప్రతి ఇంటికీ ట్యాంకు ఉంటుంది, అది ఏళ్ళమీద నిండుతుంది. ఖాళీ చేసే నెలలోనే నిండినదంటే అందులో అంతకుముందు ఉన్నవారి వంతు కూడా ఉంటుంది. అందుచేత ఆఖరి అద్దెదారుమీద మొత్తం ఖర్చు వేయడం న్యాయం కాదు. ఖర్చు ఎవరిదైనప్పటికీ ఒక విషయంలో రెండో అభిప్రాయానికి తావులేదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013లో వచ్చిన పాకీపని నిషేధ, పునరావాస చట్టం నేరంగా నిర్ణయించినది. పనివారిని పిలిపించిన యజమాని అయినా అద్దెదారు అయినా ఈ చట్టానికి జవాబుదారీయే. యంత్రంతో తోడే ట్యాంకరును పిలవడమే మార్గం.

అడ్వాన్సు

ఇంటి అద్దెకు ముందుగా ఒకటి రెండు నెలల సొమ్మును అడ్వాన్సుగా తీసుకోవడం వాడుక. శుభ్రత విషయంలో అసలు బరువు ఇక్కడే ఉన్నది. ఉదాహరణకు నెలకు 6,000 రూపాయల అద్దె, 12,000 అడ్వాన్సు ఇచ్చిన కుటుంబం కొత్త ఇంటికి మరల అంతే అడ్వాన్సు కట్టాలి, సామాను లారీకి ఇవ్వాలి, పిల్లల బడి ఫీజులు చూసుకోవాలి. పాత ఇంటి సొమ్ము రాకపోతే అప్పు చేయక తప్పదు. "రంగులకు ఒక నెల" అని యజమాని సగం పట్టుకొన్నపుడు తొందరలో ఉన్నవారు వాదించలేక ఒప్పుకొంటారు. యజమాని వైపు నుండి చూస్తే, చివరి రెండు నెలల అద్దె ఎగవేసి, కరెంటు బిల్లు కట్టకుండా, తూము పూడ్చి వెళ్ళినవారి విషయంలో ఆ అడ్వాన్సు తప్ప అతనికి వేరే ఆధారం ఉండదు. ఇంటి అద్దెమీదనే బతికే వృద్ధులకు ఇది చిన్న విషయం కాదు.

నమూనా చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు, నివాసేతర భవనాలకు ఆరు నెలల అద్దెకు పరిమితం చేసినది. అద్దెదారు చెల్లించవలసినవి తగ్గించుకొని మిగిలిన సొమ్మును ఇల్లు స్వాధీనం చేసుకొనే సమయంలోనే తిరిగి ఇవ్వాలని చెబుతున్నది. "ఇంకొకరు దిగిన తరువాత ఇస్తాను" అనే మాటకు ఈ నమూనాలో చోటులేదు. ఆంధ్రప్రదేశ్‌ను తన అద్దె చట్టాన్ని నమూనా చట్టం దారిలో సవరించుకొన్న నాలుగు రాష్ట్రాలలో ఒకటిగా కేంద్ర ప్రభుత్వం పేర్కొన్నది. మిగిలినవి తమిళనాడు, ఉత్తర ప్రదేశ్, అస్సాం.

అంతకు పూర్వం దశాబ్దాలపాటు నడిచినది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం. దీనిలో అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించరాదు. భవనం విలువను గానీ ఉపయోగాన్ని గానీ బాగా తగ్గించే పాడుపనులు చేయడం అద్దెదారును ఖాళీ చేయించడానికి ఒక కారణంగా ఉండేది. గోడలు మాపుకోవడం ఆ కోవలోకి రాదు. గూడూరుకు చెందిన ఒక హోటలు కేసులో 1989లో సుప్రీంకోర్టు, చట్టం అనుమతించిన దానికంటె ఎక్కువ సొమ్ము యజమాని వద్ద నిలువ ఉండగా అద్దెదారును కావాలని అద్దె ఎగవేసినవాడుగా భావించరాదని తీర్పు చెప్పినది. అయితే ఈ చట్టం ప్రధానంగా హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకు, పురపాలక సంఘాలకు ఉద్దేశించినది, ఇతర ఊళ్ళకు ప్రభుత్వం ప్రకటన ద్వారా విస్తరింపవలసి ఉండేది. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్ళు దీని పరిధినుండి తొలగినవి. దానితో ఇటువంటి పట్టణాలలో ఒక మాదిరి ఇళ్ళకు కూడా ఆస్తి బదిలీ చట్టమే దిక్కయినది.

ఒప్పందంలో "శుభ్రం చేయనిచో అడ్వాన్సు మొత్తం జప్తు" అని రాసి ఉన్నంత మాత్రాన మొత్తం పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, రాసుకొన్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సహేతుకమైన పరిహారాన్నే పొందవచ్చును.

వరద బురద

మునేరు, పాలేరు నదుల వరదలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. 2023 జులైలో మునేరు పొంగి నందిగామ మండలం ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయినవి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన భారీ వర్షాలకు జగ్గయ్యపేట ప్రాంతం జలమయమైనది. పాలేరు వరదకు గరికపాడు వద్ద వంతెన దెబ్బతిన్నది. ఇంటిలోకి నడుములోతు నీరు వచ్చిపోయినచోట మిగిలే బురద, గోడ చెమ్మ, ఉబ్బిన తలుపులు (ఎం) క్లాజులో చెప్పిన "అడ్డుకోలేని శక్తి" కిందికి వస్తాయి. వాటిని సరిచేయించే బాధ్యత అద్దెదారుది కాదు, ఆ పేరుతో అడ్వాన్సు పట్టుకోవడానికి వీలులేదు. తన తడిసిన పరుపులు, బియ్యం, పుస్తకాలు తొలగించుకోవడం మాత్రం అతని పనే. వాస్తవంలో వరద తగ్గిన మరునాడు బురద ఎత్తేది ఇంటిలో ఉన్నవారే. కాపురం ఉండవలసినది వారే కనుక యజమాని కోసం ఎదురుచూడరు. అందుకైన ఖర్చు రసీదులు, ఫోటోలు ఉంచుకొంటే తరువాత లెక్కకు పనికివస్తాయి.

ఆచారాలు, నమ్మకాలు

ఇల్లు మారే రోజుకు తెలుగువారు తిథి, వారం చూస్తారు. ఆషాఢ, భాద్రపద, పుష్య మాసాలను శూన్యమాసాలుగా భావించి కొత్త ఇంట దిగరు. అందువలన ఆషాఢం వెళ్ళగానే శ్రావణంలో ఇళ్ళు మారేవారి రద్దీ ఉంటుంది, వెల్లవేసే పనివారు దొరకరు. ఊరికి బయలుదేరినవారి వెనుక వెంటనే ఇల్లు ఊడ్వరాదనీ, దీపాలు పెట్టిన తరువాత చీపురు పట్టరాదనీ నమ్మకం ఉన్నది. ఈ రెంటినీ పాటించే ఇంటిలో సామాను పగలే లారీకి ఎక్కించి, గదులు ఊడ్చి, కడిగి, అప్పుడు బయలుదేరడం అనుకూలం. పాత చీపురును కొత్త ఇంటికి తీసుకొనిపోరాదని మరొక నమ్మకం. అందుకే ఖాళీ అయిన చాలా ఇళ్ళలో తలుపు వెనుక ఒక చీపురు మిగిలి ఉంటుంది.

శుభ్రత వేరు, శుద్ధి వేరు. అద్దె ఇంటిలో మరణం సంభవించినపుడు, ముఖ్యంగా ధనిష్ఠా పంచకం వంటి నక్షత్రాలలో జరిగినదని చెప్పినపుడు, కొన్ని నెలలు ఇల్లు మూసివేయాలనీ, పుణ్యాహవచనం, శాంతి ఖర్చులు, మూసి ఉంచిన కాలపు అద్దె అద్దెదారే భరించాలనీ యజమానులు కోరడం ఉన్నది. కొన్నిచోట్ల ఆసుపత్రిలో మరణించినవారి దేహాన్ని అద్దె ఇంటికి తీసుకొని రానివ్వరు. మనిషిని పోగొట్టుకొన్న కుటుంబం అదే వారంలో ఇల్లు వెదుక్కోవలసి రావడం ఈ వ్యవహారంలో మిక్కిలి కఠినమైన భాగం. 108వ సెక్షను (ఎం) క్లాజు ఇంటి భౌతిక స్థితిని గురించి మాత్రమే చెబుతున్నది. మరణం వలన ఇంటి స్థితి మారదు కనుక శాంతి ఖర్చులను ఈ క్లాజు కింద రాబట్టడానికి ఆధారం కనిపించదు. ఇక వెళ్ళిపోయినవారి కులాన్ని బట్టి శుద్ధి అనడం ఆచారం పేరుతో చెల్లే విషయం కాదు. అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా పాటించడాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించినది.

వదిలివేసిన సామాను

విరిగిన కుర్చీలు, పాత పరుపులు, ఖాళీ డబ్బాలు వదిలి వెళ్ళడం తరచుగా జరుగుతుంది. ఖాళీ స్వాధీనం ఇవ్వడంలో సొంత సామాను తొలగించడం కూడా భాగమే కనుక, వీటిని తీయించే కూలి అద్దెదారు వంతుకు వస్తుంది. చెత్తను వీధిలో, ఖాళీ స్థలంలో, కాలువలో పారవేయడాన్ని, కాల్చడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు నిషేధించినవి. పనికివచ్చే ఇనుము, కాగితం పాత సామాను కొనేవారికి ఇవ్వవచ్చును.

ఇతర దేశాలలో

జర్మనీలో ఇంటిని "చీపురు శుభ్రత"తో అప్పగిస్తే చాలుననే మాట ఒప్పందాలలో వాడుకలో ఉన్నది. అనగా ఊడ్చి, పెద్ద మురికి తీసివేసి ఇవ్వడం. రంగులు వేయని ఇంటిని తీసుకొన్న అద్దెదారుపై, తగిన పరిహారం ఇవ్వకుండా, రంగుల భారం మోపే ముద్రిత షరతులు చెల్లవని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2015లో చెప్పినది. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుండి కొత్త ఒప్పందాలలో, వృత్తిదారులతో శుభ్రం చేయించడానికి అద్దెదారు తప్పనిసరిగా డబ్బు కట్టాలనే షరతు పెట్టరాదు. జపాను ప్రభుత్వ మార్గదర్శకాలలో గోడకు అతికించే కాగితం ఆయుర్దాయాన్ని ఆరేళ్ళుగా లెక్కించి, ఆపైన దాని విలువ ఒక్క యెన్ మాత్రమే అన్నారు. పైన రంగుల విషయంలో చెప్పిన లెక్క ఇటువంటిదే. మామూలు అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడనే సూత్రం 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణతో ఆ దేశపు పౌరస్మృతిలోనే చేరినది.

అమెరికాకు చదువుకై వెళ్ళే తెలుగు విద్యార్థులు నలుగురైదుగురు కలిసి అపార్టుమెంటు తీసుకొని, చదువు ముగిసి వేరే ఊరికి పోయేటపుడు ఇదే సమస్యను ఎదుర్కొంటారు. తిరగమోత పొగ పట్టిన పొయ్యిగూడు, ఓవెను లోపలి జిడ్డు, తివాచీమీది పసుపు మరక వారి అడ్వాన్సులో కోతకు సాధారణ కారణాలు. కాలిఫోర్నియాలో యజమాని 21 రోజులలోగా పద్దువారీగా లెక్క పంపాలి. ఇల్లు తీసుకొన్ననాటి శుభ్రతకు తేవడానికి అయ్యే ఖర్చునే కోయవచ్చును, అంతకుమించి కాదు. టెక్సాస్‌లో గడువు 30 రోజులు, అయితే అద్దెదారు తన కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. చిరునామా ఇవ్వకుండా విమానం ఎక్కినవారికి సొమ్ము చేరడం కష్టం.

తగాదాల పరిష్కారం

ఇల్లు తీసుకొన్న రోజున గదివారీగా గోడలు, గచ్చు, కుళాయిలు, స్విచ్చిలు, అద్దాల స్థితిని ఒక కాగితంమీద రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవడం అన్నిటికంటె బలమైన ఆధారం. కరెంటు మీటరు అంకె కూడా అందులో రాయాలి. ఫోనుతో తీసిన చిత్రాలు, వాటిని అదేరోజు ఎదుటివారికి పంపిన సందేశం తేదీకి సాక్ష్యంగా నిలుస్తాయి. ఖాళీ చేసే రోజున సామాను వెళ్ళిన తరువాత, తాళాలు ఇవ్వకముందు ఇద్దరూ కలిసి ఇల్లు చూడాలి. తాళాలు ఇచ్చివేసిన తరువాత కనిపించిన లోపం ఎప్పటిదో తేల్చడం కష్టం. కోత విధిస్తే దేనికి ఎంత అని రాసి ఇమ్మని అడగడం మంచిది. మొత్తంగా "శుభ్రతకు ఇంత" అన్న అంకె కంటె పద్దులతో కూడిన లెక్కపై మాట్లాడుకోవడం సులభం.

మాటలతో తేలనపుడు ఇరుగుపొరుగు పెద్దల ద్వారా పరిష్కరించుకోవడం ఈ ప్రాంతంలో సాధారణం. ఆపైన నోటీసు, సివిలు దావా మార్గాలు ఉన్నవి. కొద్ది వేల రూపాయల కోసం దావా వేస్తే ఖర్చులే ఎక్కువ కావచ్చును. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఏర్పడిన లోక్ అదాలత్‌కు, కోర్టుకు వెళ్ళకముందే, ఇటువంటి తగాదాను తీసుకొనిపోవచ్చును, అక్కడ కోర్టు రుసుము లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. దావా వేయదలచినవారికి కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్ళ గడువు ఉంటుంది.